ధర్మకాంటా నుంచి ఆఫీసు కంప్యూటరు దాకా: షార్ట్ హాల్ మోడెం బిగించి నడిపే పద్ధతి

ధర్మకాంటా గేటు పక్కన ఉంటుంది, కంప్యూటరు ఆఫీసు గదిలో ఉంటుంది. మధ్యలో వడ్లు ఆరబోసే కల్లం, డ్రయ్యరు, బాయిలరు, లారీలు తిరిగే దారి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల్లోనూ, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పత్తి జిన్నింగు మిల్లుల్లోనూ ఈ దూరం రెండు మూడు వందల మీటర్లు ఉండడం మామూలే. ఇండికేటరు, అంటే తూకం అంకె చూపే పెట్టె, వెనక కంప్యూటరుకు డేటా పంపే ఆర్‌ఎస్-232 పోర్టేమో అంత దూరం కోసం పుట్టింది కాదు. 1969 నాటి ఆర్‌ఎస్-232-సి ప్రమాణం చెప్పింది 50 అడుగులు, అంటే 15 మీటర్లు. వైరు పొడుగయ్యే కొద్దీ తీగల మధ్య కెపాసిటెన్సు పెరిగి సిగ్నలు అంచులు అరిగిపోతాయి. పైగా ఈ పద్ధతిలో ప్రతి సిగ్నలునూ ఒకే గ్రౌండు తీగతో పోల్చి చదువుతారు కాబట్టి, ఆ గ్రౌండులోకి వచ్చిన గోల అంతా డేటాలోకి వస్తుంది.

వేగం తగ్గించి 60, 70 మీటర్లు లాగినవాళ్లు ఉన్నారు. మిల్లు ఆగి ఉన్నప్పుడు పని చేస్తుంది. హల్లర్ మోటారు స్టార్ట్ అయిన క్షణంలో తెర మీద తూకం చెదిరిపోతుంది. 24 టన్నుల లారీకి ఒక అంకె తప్పు పడితే రైతుకో మిల్లుకో నష్టం, కాబట్టి ఇక్కడ "దాదాపు పని చేస్తుంది" అనేది పనికిరాదు.

షార్ట్ హాల్ మోడెం చేసే పని ఇది: సిగ్నలును మెలిపెట్టిన జత తీగల మీదికి ఎక్కిస్తుంది, ఒక తీగలో ప్లస్, రెండో తీగలో మైనస్. మోటారు గోల రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది. అవతలి మోడెం రెండింటి మధ్య తేడా మాత్రమే చూస్తుంది కాబట్టి గోల రద్దయిపోతుంది. ఫోను నంబరు, డయల్ టోను, ఎక్స్ఛేంజి ఏవీ అక్కర్లేదు. రెండు మోడెంల మధ్య మన సొంత రాగి తీగలు ఉంటే చాలు. ఆ తీగలు మధ్యలో ఎక్కడా ఇంటర్‌కమ్ మిషను గుండా పోకూడదు.

కొనే ముందు చూడాల్సినవి

మొదట చూడాల్సింది మోడెంకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్నది. చవక మోడెంలు చాలావరకు అడాప్టరు లేకుండా, పోర్టులోని డీటీఆర్, ఆర్‌టీఎస్ అనే కంట్రోలు పిన్నుల నుంచే కరెంటు లాక్కుంటాయి. కంప్యూటరు వైపు అది నడుస్తుంది. కాంటా ఇండికేటరు వైపు చాలాసార్లు నడవదు. ఇండికేటరు పోర్టులో ఎక్కువగా పంపే తీగ, గ్రౌండు మాత్రమే కలిపి ఉంటాయి, డీటీఆర్, ఆర్‌టీఎస్ పిన్నులు ఖాళీ. మోడెం బతకడానికి దారే లేదు. కొత్తగా బిగించినచోట "మోడెం చెడిపోయింది" అని వెనక్కి పంపేవాటిలో ఈ రకం చాలా ఉంటాయి. కాంటా గదికి తప్పకుండా బయటి అడాప్టరు పెట్టుకునే మోడెమే తీసుకోండి. కంప్యూటరు వైపు కూడా అదే తీసుకుంటే మంచిది. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కేబుళ్లలో కొన్ని 5, 6 వోల్టులే ఇస్తాయి, అవి మోడెంను మోయలేవు.

రెండోది ఐసొలేషను, అంటే లైనుకూ పోర్టుకూ మధ్య కరెంటు నేరుగా పారకుండా విడదీయడం. రెండు గదులకూ వేరువేరు ఎర్తింగులు ఉంటాయి కాబట్టి, ట్రాన్స్‌ఫార్మరు గానీ ఆప్టో కప్లరు గానీ ఉన్న మోడెం కావాలి. దీనికి అయ్యే అదనపు ఖర్చు, కాలిపోయిన ఒక్క ఇండికేటరు బోర్డు ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ.

వేగం గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. కాంటా ఒక్కో తూకానికి పదిహేను అక్షరాలు పంపుతుందనుకోండి. 2400 బాడ్ (సెకనుకు 2400 బిట్లు) దగ్గర, అక్షరానికి పది బిట్ల లెక్కన, సెకనుకు 240 అక్షరాలు, అంటే సెకనుకు పదహారు సార్లు తూకం వస్తుంది. లారీ నిలబడి ఉంటుంది, ఇంతకన్నా ఎందుకు? ఇండికేటరులో వేగం మార్చుకునే వీలుంటే 2400 పెట్టండి. తక్కువ వేగంలో ఇదే తీగ ఎక్కువ దూరం, ఎక్కువ నమ్మకంగా పని చేస్తుంది.

సామాను ఇది. మోడెంలు మూడు (రెండు బిగించడానికి, ఒకటి బీరువాలో). 0.5 మిల్లీమీటర్ల రాగి తీగ ఉన్న జెల్లీ నింపిన టెలిఫోను కేబులు, రెండు జతలు చాలు గానీ ఐదు జతలది తీసుకుంటే మిగిలినవి ముందుముందు పనికొస్తాయి. పొడవు, కొలిచిన దూరం మీద పదో వంతు ఎక్కువ. డేటా లైనుకు పనికొచ్చే సర్జ్ ప్రొటెక్టర్లు రెండు, ఒక్కొక్కటి రెండు జతలకు సరిపోయేది. తొమ్మిది పిన్నుల డీ కనెక్టర్లు, మూతలతో సహా, మగవి రెండు, ఆడవి రెండు. స్క్రూ బిగించే టెర్మినల్ స్ట్రిప్పులు. పాతిపెట్టేందుకు నల్ల హెచ్‌డీపీఈ పైపు, బోర్లకూ డ్రిప్పుకూ వాడేదే, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. లారీలు ఎక్కే చోటుకు మాత్రం జీఐ పైపు.

ముందు బల్ల మీద నడవాలి

గుంత తవ్వకముందే, రెండు మోడెంలనూ ఒకే బల్ల మీద పెట్టి పని చేయించండి. బల్ల మీద నడవనిది భూమిలో నడవదు, బల్ల మీద నడిచిందంటే తర్వాత వచ్చే ఏ తప్పయినా తీగలోనో కరెంటులోనో ఉందని తెలిసిపోతుంది.

ఇండికేటరు పోర్టులో ఏ పిన్ను ఏమిటో మల్టీమీటరుతో కనుక్కోవచ్చు. పుస్తకం పోయినా ఫరవాలేదు. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబు 5వ పిన్నుకు (25 పిన్నుల కనెక్టరయితే 7వ పిన్నుకు) ఆనించండి. ఎర్ర ప్రోబు 2కు, తర్వాత 3కు. ఖాళీగా ఉన్న ఆర్‌ఎస్-232 పంపే తీగ మీద ఎప్పుడూ మైనస్ వోల్టేజి ఉంటుంది, మైనస్ 5 నుంచి మైనస్ 12 మధ్య. ఇండికేటరు ఆగకుండా తూకం పంపుతుంటే ఆ అంకె కాస్త ఊగుతుంది. మైనస్ కనిపించిన పిన్నే పంపే పిన్ను. రెంటి మీదా సున్నా దగ్గరే ఉంటే ఆ పోర్టు సెట్టింగుల్లో ఆపేసి ఉండాలి, లేదా అది 20 మిల్లీ యాంపుల కరెంట్ లూప్ పోర్టో, ఆర్‌ఎస్-485 పోర్టో అయి ఉండాలి. ఆ రెండింటికీ ఈ మోడెం నేరుగా సరిపోదు.

పంపే పిన్ను మోడెం వైపు 3వ పిన్నుకు, గ్రౌండు 5కు చేరాలి. ఇండికేటరులో పంపేది 2 మీద వస్తుంటే కేబులులో 2, 3 తారుమారు చేయండి. మోడెం మీద డీటీఈ–డీసీఈ స్విచ్చి ఉంటే అది జరిపినా ఇదే పని అవుతుంది. రెండూ చేస్తే మళ్లీ మొదటికే వస్తారు. ఒక హెచ్చరిక: పోర్టు బయటికి లేకపోయినా సరే, తూనికలు కొలతల శాఖ వేసిన సీలును తెంపి ఇండికేటరు విప్పవద్దు. లైసెన్సున్న రిపేరు మనిషిని పిలిపించాలి.

ఇక రెండు మోడెంలను కలపండి. ఒక దాని టీఎక్స్ (పంపే) జత రెండో దాని ఆర్‌ఎక్స్ (అందుకునే) జతకు, దాని టీఎక్స్ దీని ఆర్‌ఎక్స్‌కు, ప్లస్ ప్లస్‌కు, మైనస్ మైనస్‌కు. టీఎక్స్‌ను టీఎక్స్‌కే కలిపితే రెండూ మాట్లాడతాయి, ఏదీ వినదు. క్యారియర్ స్విచ్చి ఉంటే ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా పెట్టండి. ఆర్‌టీఎస్‌తో నడిచే పద్ధతి ఒకే తీగ మీద చాలా యంత్రాలున్నప్పటి సంగతి.

కంప్యూటరులో పుట్టీ లాంటి టెర్మినల్ ప్రోగ్రాము తెరవండి. లోకల్ ఎకో (కొట్టిన అక్షరాన్ని ప్రోగ్రామే తెర మీద చూపడం) ఆపండి. అవతలి మోడెం కనెక్టరులో 2, 3 పిన్నులను చిన్న తీగతో కలిపేయండి. ఇప్పుడు కీబోర్డు మీద కొట్టిన అక్షరం తీగంతా తిరిగి వచ్చి తెర మీద కనిపించాలి. కనిపించగానే సంతోషపడి లేవకండి, ఆ చిన్న తీగ తీసేసి మళ్లీ కొట్టండి. ఈసారి ఏమీ రాకూడదు. ఇంకా వస్తుందంటే ఎకో ఆగలేదు, లేదంటే మోడెం మీద లూప్‌బ్యాక్ స్విచ్చి ఆన్‌లో మిగిలిపోయింది.

తర్వాత రెండు మోడెంల మధ్య కలిపిన తీగల స్థానంలో కొన్న కేబులు చుట్ట మొత్తం పెట్టి ఇదే పరీక్ష మళ్లీ చేయండి. కేబులు మధ్యలో తెగి ఉంటే అంగట్లో వెనక్కి తీసుకుంటారు, పాతిపెట్టాక తీసుకోరు.

తీగ వేయడం

మన నేల రెండు రకాల ఇబ్బంది పెడుతుంది. ఎర్ర చెలకలో ఒకటిన్నర అడుగు దిగగానే మొరం, రాయి తగులుతాయి. పదునైన రాయి మీద పైపు కూర్చుంటే లారీ బరువుకు నొక్కుకుపోతుంది, కాబట్టి అడుగున నాలుగు వేళ్ల మందం ఇసుక పరవాలి. నల్లరేగడిలో ఎండకాలం నెర్రెలు విచ్చి తీగను లాగుతాయి. అక్కడ రెండు చివరలా మీటరున్నర తీగ చుట్ట చుట్టి వదలాలి. లోతు రెండున్నర అడుగులు, లారీలు తిరిగే చోట మూడు. మూడు ఫేజుల కేబులు పక్కనే సాగుతుంటే కనీసం ఒక అడుగు దూరం ఉంచండి, దాన్ని దాటాల్సి వస్తే అడ్డంగా, లంబంగా దాటండి. ఒకే పైపులో రెండూ వేయడం మాత్రం వద్దు.

మిల్లులో ఎలుకల సంగతి చెప్పనక్కర్లేదు. జెల్లీ ఉన్నా కొరుకుతాయి. పైపు రెండు మూతులనూ సిమెంటుతో గానీ, స్టీలు పీచు కుక్కి పైన సిలికానుతో గానీ మూయండి. గోడ మీద కనపడే భాగానికి కూడా పైపు ఉండాలి.

మధ్యలో అతుకు తప్పకపోతే టెలిఫోను లైన్‌మెన్ వాడే జెల్లీ కనెక్టర్లతో వేయండి. తీగ తొక్క తీయకుండానే లోపలికి దూర్చి కట్టింగ్ ప్లేయరుతో నొక్కాలి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు మొదటి వానాకాలం దాకే.

అతుకు దగ్గరా, చివర్ల దగ్గరా జతలు కలవకుండా చూడడం అన్నిటికన్నా ముఖ్యం. తెలుపు–నీలం ఒక జత, తెలుపు–నారింజ ఇంకో జత. కేబులులో తెల్ల తీగలు అన్నీ ఒకేలా కనిపిస్తాయి, మెలి విప్పేశాక ఏ తెలుపు ఎవరి జోడో తెలియదు. నీలానికి నారింజ తాలూకు తెలుపు కలిపితే మీటరు మీద తీగ తెగలేదనే చూపిస్తుంది, అయినా మెలి ప్రయోజనం పూర్తిగా పోతుంది. మిల్లు ఆగినప్పుడు బాగుండి, నడిచేటప్పుడు చెడే లైన్లలో ఇది తరచు కనిపించే కారణం. ఒక్కో జతను పైన తొక్క విప్పగానే, ఇంకా మెలికగా ఉండగానే, ఒక ముడి వేసి గుర్తు పెట్టండి.

వేశాక కొలత. రెండు చివరలా ఏమీ తగిలించకుండా, అవతల ఒక జతను కలిపి, ఇవతల ఓములు చూడండి. 0.5 మిల్లీమీటర్ల రాగికి రానూపోనూ కలిపి కిలోమీటరుకు సుమారు 176 ఓములు. 300 మీటర్లకు 53 రావాలి, మే నెల ఎండలో 57 వచ్చినా సరే. 100 దాటితే తీగ సన్నది కొన్నారని గానీ, ఎక్కడో అతుకు వదులుగా ఉందని గానీ అర్థం. అవతల కలిపింది విప్పేశాక మీటరు ఏమీ చూపకూడదు. మెగా ఓముల్లో ఏదైనా అంకె కనబడి నెమ్మదిగా తగ్గుతుంటే తేమ చేరింది.

ఎర్తింగు, పిడుగు

యాసంగి వడ్లు వచ్చేది ఏప్రిల్, మేలో. గాలిదుమారం, ఉరుములు, పిడుగులు వచ్చేది కూడా సరిగ్గా అప్పుడే. కాంటా ఇనుప ప్లాట్‌ఫారం ఆరుబయట ఉంటుంది, దాని లోడ్ సెల్లుల తీగలన్నీ ఇండికేటరులోకి వస్తాయి, అక్కడి నుంచి మన తీగ ఆఫీసుకు పోతుంది. దగ్గర్లో పడిన పిడుగుకు ఇదొక సిద్ధమైన దారి.

ముందు రెండు ఎర్తుల మధ్య తేడా కొలవండి. కేబులులో మిగిలిన ఒక తీగను కాంటా గది ఎర్తుకు కట్టి, ఆఫీసులో ఆ తీగకూ ఆఫీసు ఎర్తుకూ మధ్య ఏసీ వోల్టులు చూడండి. ఆ తీగను చేత్తో పట్టుకోవద్దు, ఎర్తు లోపం ఉంటే ప్రమాదకరమైన వోల్టేజి ఉండొచ్చు, ప్రోబుతోనే తాకండి. ఒకటి రెండు వోల్టులుంటే ఐసొలేషను ఉన్న మోడెం చూసుకుంటుంది. పదుల్లో ఉంటే మోడెం పని ఆపి ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగు సరిచేయించాలి. రాతి నేలలో ఎండకాలం ఎర్తు గుంత ఎండిపోయి దాదాపు లేనట్టే అవుతుంది. బొగ్గు, ఉప్పు వేసిన గుంతకు మార్చి నుంచి జూన్ దాకా వారానికి రెండుసార్లయినా నీళ్లు పోయించండి.

సర్జ్ ప్రొటెక్టరు రెండు చివరలా ఉండాలి. ఒక్క వైపు పెడితే రెండో వైపు కాలుతుంది. టెలిఫోను లైనుకు అమ్మేది కొనకండి. ఫోను గంట వోల్టేజిని వదలాలి కాబట్టి అది రెండు వందల వోల్టులు దాటాక గానీ కదలదు, అప్పటికి మోడెం చిప్పు పోతుంది. గ్యాస్ ట్యూబు వెనక 12 వోల్టుల లోపు పట్టుకునే డయోడ్లు ఉన్న డేటా లైను రకం కావాలి. దాని ఎర్తు తీగ లావుగా, పొట్టిగా, అర మీటరు లోపు ఉండాలి. మూడు మీటర్ల తీగను చుట్ట చుట్టి ఎర్తుకు కలిపితే ప్రొటెక్టరు ఉన్నా లేనట్టే. కేబులుకు రేకు తొడుగు ఉంటే దాన్ని ఆఫీసు వైపే ఎర్తు చేసి, కాంటా వైపు టేపు చుట్టి వదలండి. రెండు వైపులా ఎర్తు చేస్తే ఎర్తుల తేడా కరెంటు ఆ తొడుగులోంచే పారుతుంది.

రోజూ నడపడం

మోడెం అడాప్టరును ఇండికేటరు ఉన్న యూపీఎస్ మీదే పెట్టండి. గోడ సాకెట్టులో పెడితే కరెంటు పోయి జనరేటరు అందుకునే లోపు మోడెం ఆగి, సాఫ్ట్‌వేరులో పాత తూకం అలాగే నిలిచిపోవచ్చు. అడాప్టరు వోల్టులు, పిన్ను లోపల ప్లస్సో మైనస్సో మోడెం మీద రాసినదానితో సరిచూడండి.

పొద్దున మొదటి లారీకి ముందు ఖాళీ ప్లాట్‌ఫారం మీద ఇండికేటరు సున్నా, తెర మీద సున్నా ఉండాలి. అయితే తీగ తెగినా కొన్ని సాఫ్ట్‌వేర్లు సున్నానే చూపిస్తాయి. అందుకే ఒక మనిషిని ఎక్కించి, రెండు చోట్లా అంకె ఒకేలా మారిందా చూడాలి. కాంటా వైపు మోడెంలో టీడీ (డేటా పంపే) లైటు, ఆఫీసు వైపు ఆర్‌డీ (డేటా అందుకునే) లైటు మినుకుమినుకుమంటూ ఉండాలి. మబ్బు కమ్ముకుంటే, ఉరుములు మొదలు కాకముందే కాంటా ఆపి, రెండు చివరలా కేబులు ప్లగ్గు పీకేయడం మంచిది, ప్రొటెక్టరు ఉన్నా సరే. ఉరుములు మొదలయ్యాక మాత్రం తీగను ముట్టుకోవద్దు.

తప్పు ఎక్కడుందో కనుక్కోవడం

లైట్లే మొదటి ఆధారం. పవర్ లైటు లేదంటే అడాప్టరు. కాంటా వైపు టీడీ మినకకపోతే ఇండికేటరు పంపడం లేదు, లేదా 2, 3 పిన్నులు తారుమారు. టీడీ మినుకుతూ అవతల ఆర్‌డీ చచ్చి ఉంటే తీగ. ఆర్‌డీ మినుకుతూ తెర ఖాళీగా ఉంటే కంప్యూటరు. ఇక్కడ ఎక్కువగా జరిగేది కామ్ నంబరు (కంప్యూటరు ఆ పోర్టుకు ఇచ్చే నంబరు) మారడం: ఎవరో ఊడ్చేటప్పుడు యూఎస్‌బీ కేబులు తీసి పక్క రంధ్రంలో పెడతారు, కామ్ 3 కాస్తా కామ్ 5 అవుతుంది. డివైస్ మేనేజరులో పోర్టుల కింద చూసి సాఫ్ట్‌వేరులో మార్చండి, ఆ రంధ్రానికి రంగు టేపు అంటించండి.

తెర మీద అన్నీ పిచ్చి గుర్తులే వస్తే బాడ్ రేటు రెండు వైపులా ఒకటి కాదు, లేదంటే ప్లస్, మైనస్ తారుమారు. కొన్ని అంకెలు సరిగ్గా, కొన్ని పిచ్చిగా వస్తే ఆ అంకెలేవో రాసుకోండి. 0, 3, 5, 6, 9 సరిగ్గా వచ్చి 1, 2, 4, 7, 8 మాత్రమే వింత గుర్తులవుతుంటే తీగలో ఏ తప్పూ లేదు. ఇండికేటరు ఏడు బిట్లు, ఈవెన్ పారిటీతో (ఒకట్ల సంఖ్య సరి అయ్యేలా చేర్చే అదనపు బిట్టుతో) పంపుతోంది, కంప్యూటరు ఎనిమిది బిట్లు, పారిటీ లేకుండా చదువుతోంది. ఆ ఐదు అంకెల కోడులో ఒకట్ల సంఖ్య బేసి, అందుకే వాటికి పారిటీ బిట్టు 1 అయి, అక్షరమే మారిపోతుంది. సాఫ్ట్‌వేరులో 7, ఈవెన్, 1 పెడితే అక్కడికక్కడే సరవుతుంది. ఇది తెలియక కేబులంతా తవ్వి తీసినవాళ్లున్నారు.

పిడుగు తర్వాత మోడెం లైట్లు వెలుగుతూనే డేటా రాకపోవచ్చు. లైను వైపు చిప్పు మాత్రమే పోయి ఉంటుంది. బీరువాలో ఉన్న మూడో మోడెం పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది. ప్రొటెక్టరు కూడా లోపల షార్టయి లైనును మింగేస్తుంటుంది, దాన్ని తప్పించి నేరుగా కలిపి చూడండి. లింకు వచ్చిందంటే కొత్త ప్రొటెక్టరు వచ్చేదాకా ఆ జతను ఎప్పుడూ కలిపే ఉంచకండి, తూకం అయిన ప్రతిసారీ ప్లగ్గు తీసిపెట్టండి.

లింకు పడిపోయిన గంటల్లో తూకం ఇండికేటరు మీద చూసి చిట్టీ పుస్తకంలో పెన్నుతో రాసి, రైతుకు గానీ డ్రైవరుకు గానీ ఆ అంకె చూపించి సంతకం తీసుకోండి. బాడ్ రేటు, బిట్లు, పారిటీ, కామ్ నంబరు, ఏ రంగు జత టీఎక్స్, ఏది ఆర్‌ఎక్స్, వేసినరోజు కొలిచిన ఓములు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి లామినేషన్ చేయించి కాంటా గది తలుపు లోపలివైపు అంటించండి. మూడో మోడెంను అవే స్విచ్చి సెట్టింగులతో, బల్ల మీద ఒకసారి నడిపి చూశాకే బీరువాలో పెట్టండి.